పొట్టిగా కత్తిరించిన దారాలు

“నీకు ఆ అయస్కాంతం ముఖ్యమా, నా గడియారాలు ముఖ్యమా? ఏదో ఒకటి తేల్చెయ్,” అన్నాడు గడియారాల రిపేరాయన. పొద్దున్నుంచి ఈ మాట అనడం ఇది మూడోసారి.

“ముందు మా పళ్ళేల సంగతి తేల్చండి మావయ్యా. మధ్యాహ్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇనుప పొడి కరకరలాడింది,” అంది కోడలు వంటగది గుమ్మంలోంచి.

“ఇనుము ఒంటికి మంచిదేలే,” అన్నాడు కొడుకు ఫోనులోంచి తలెత్తకుండా.

“అయితే రేపట్నుంచి మొత్తం నీ పళ్ళెంలోనే వడ్డిస్తా. తిని గట్టిపడు.”

కిటికీ దగ్గర మంచం మీదున్న పెద్దావిడ, రిపేరాయన తల్లి, కిసుక్కున నవ్వింది. రిపేరాయన భార్య బొమ్మలమ్మ మాత్రం నవ్వలేదు. అసలు వినిపించుకున్నట్టే లేదు. భోజనాల బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని కింద వేలెడంత అయస్కాంతపు కడ్డీ పెట్టి, పైన ఇనుప పొడి చల్లి, కాగితం అంచుని గోటితో మెల్లగా తడుతోంది. తట్టినప్పుడల్లా పొడి కదిలి, వంపులు తిరిగి, రెండు కొసల దగ్గరా గుబురుగా పోగవుతోంది. ఆ గుబుర్లనే చూస్తూ కూచుంది.

మూడు రోజులుగా ఇంట్లో అందరూ పళ్ళెం ఒళ్ళో పెట్టుకునే తింటున్నారు. దానికన్నా రిపేరాయన కష్టం పెద్దది. రిపేరైన గడియారాల ట్రేని ఆ బల్ల చివర పెట్టుకోవడం ఆయనకి ఎన్నాళ్ళనుంచో అలవాటు. నిన్న రాత్రి ఆమె ఏమరుపాటున కడ్డీని ఆ ట్రే పక్కనే వదిలేసింది. తెల్లారి చూస్తే రెండు గడియారాలకి అయస్కాంతం పట్టింది. లోపలి సన్న స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోయి, ముళ్ళు ఎవరో తరుముతున్నట్టు ముందుకు పరిగెడుతున్నాయి.

“ఏమండీ,” అంది చివరికి, తల తిప్పకుండానే. “శుక్రవారం దాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత మీ బల్ల మీకే.”

“శుక్రవారం ఏముంది?”

ఆమె కాగితం అంచుని మళ్ళీ తట్టింది. శుక్రవారం తను ఏం చెయ్యబోతోందో ఆమెకే ఇంకా తెలియదు.

బొమ్మలమ్మ అన్న పేరు బడి పిల్లలు పెట్టింది. చూపులేని పిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె పని పాఠ్యపుస్తకాల్లోని బొమ్మల్ని వేళ్ళతో చదివే బొమ్మలుగా మార్చడం. దళసరి అట్ట మీద గీత ఉన్నచోటల్లా దారం అంటిస్తుంది. గుండె బొమ్మకి లావు దారం, దాని రక్తనాళాలకి సన్న దారం, సముద్రానికి గరుకు కాగితం. ఆ అట్ట మీద వేడెక్కిన ప్లాస్టిక్ షీటు పరిచి, యంత్రంతో కింద నుంచి గాలి పీల్చేస్తే, అట్ట మీది ప్రతి ఎత్తూ షీటు మీద తేలుతుంది. ఒక్క అట్ట నుంచి ఎన్ని షీట్లయినా తీయొచ్చు. అట్టలో తప్పుంటే అన్ని షీట్లలోనూ ఉంటుంది.

ఈ నెల ఇరవై తొమ్మిదిన ఆమె పదవీ విరమణ. బడిలో వీడ్కోలు సభ పెడుతున్నారు. పరీక్షల బోర్డు నుంచి పెద్ద అధికారి వస్తున్నాడు. ఆ రోజుకి కొడుకూ కోడలూ సెలవు పెట్టేశారు. అంతా సవ్యంగానే ఉంది, పోయిన శనివారం దాకా.

శనివారం మధ్యాహ్నం చేతికర్ర టకటకలాడించుకుంటూ లాయరు ఆమె పనిగదిలోకి వచ్చింది. లాయరంటే లాయరు కాదు, పదో తరగతి పరీక్ష రాసిన పదహారేళ్ళ పిల్ల. ప్రతిదానికీ వాదిస్తుందని తోటిపిల్లలు ఆ పేరు పెట్టారు.

“ఇవాళ కేసు ఎవరి మీదే?” అంది బొమ్మలమ్మ, చేతికంటిన జిగురు తుడుచుకుంటూ.

“మీ మీదే టీచర్.”

ఆ పిల్ల సంచిలోంచి ఒక షీటు తీసి బల్ల మీద పెట్టింది. అయస్కాంతపు కడ్డీ, దాని చుట్టూ క్షేత్రరేఖలు. పదకొండేళ్ళ కిందట బొమ్మలమ్మ చేసిన బొమ్మ.

“పరీక్షలో ఇదే షీటు ఇచ్చి అడిగారు. కడ్డీ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎక్కడ బలంగా ఉంటుంది, బొమ్మలోని రేఖల్ని బట్టి చెప్పండి అని. రేఖలు దగ్గరదగ్గరగా ఉన్నచోట బలంగా ఉంటుందని పాఠంలో ఉంది కదా. అదే రాశాను. రాసి, బొమ్మ మీద వేలు పెట్టి వెతికాను. కడ్డీ పక్కన, మధ్యలో దగ్గరదగ్గరగా ఉన్నాయి. కొసల దగ్గర పలచగా ఉన్నాయి. కాబట్టి మధ్యలో బలం ఎక్కువ అని రాశాను. నాలుగు మార్కులకి సున్నా వేశారు.”

బొమ్మలమ్మ వేలు కూడా షీటు మీదికి వెళ్ళింది.

“నా పక్కమ్మాయి ధ్రువాల దగ్గర అని రాసింది. నాలుగుకి నాలుగు. బొమ్మ చూసే రాశావా అంటే, ముట్టుకోనే లేదే, నోట్సులో ఉన్నదే రాశాను అంది.” లాయరు షీటుని ఆమె వైపు జరిపింది. “నాకు సైన్సులో చేరడానికి మూడు మార్కులు తక్కువయ్యాయి టీచర్. బొమ్మలో తప్పుంటే, బొమ్మ చేసినవాళ్ళు శుక్రవారంలోగా రాసిస్తే, మళ్ళీ దిద్దుతారట. నేను చదవడంలో తప్పుంటే అదీ చెప్పండి. ఊరుకుంటాను.”

చదవడంలో తప్పు లేదు. అది బొమ్మలమ్మకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

ఆ బొమ్మ చేసిన రోజులు ఆమెకి బాగా గుర్తు. అప్పట్లో బడిలో వేలు మాస్టారు అని ఒకాయన ఉండేవారు, పుట్టుకతోనే చూపులేని మనిషి. ఆమె ఏ బొమ్మ చేసినా ముందు ఆయన చూపుడువేలు దాని మీద నడవాల్సిందే. మొదట ఆమె అచ్చుపుస్తకంలో ఉన్నట్టే దారాలన్నీ రెండు ధ్రువాల దాకా తెచ్చి అంటించింది. మాస్టారు అక్కడ వేలు ఆపేసి, “ఇదేంటమ్మా, ఇక్కడ ముద్దగా ఉంది? గీతలా, జిగురు కారిందా?” అన్నారు. మరీ దగ్గరైతే వేలికి రెండు దారాలు రెండుగా తెలియవు, ఒకటే గడ్డలా తగులుతాయి. అందుకని ఆమె దారం విడిచి దారం పొట్టిగా కత్తిరించింది. కొసల దగ్గర సగం గీతలు మాయమయ్యాయి. పక్కల్లో ఉన్నవాటిని అందంగా, ఒకే ఎడంతో సర్దింది. మాస్టారు మళ్ళీ తడిమి, “ఇప్పుడు శుభ్రంగా ఉంది,” అన్నారు. చూపున్న సైన్సు టీచరు పైపైన చూసి సంతకం పెట్టాడు. ఆ బొమ్మని నలుగురూ మెచ్చుకున్నారు. ఆమె కూడా లోలోపల మురిసిపోయింది.

వేలికి తెలియాలని చేసిన పని వేలికే అబద్ధం చెప్పింది. పదకొండేళ్ళు ఎవరూ పట్టుకోలేదంటే, పదకొండేళ్ళు ఆ బొమ్మని ఎవరూ నిజంగా చదవలేదన్నమాట. చదివిన ఒక్క పిల్లకీ సున్నా.

“బుధవారం మా ఇంటికి రా,” అంది బొమ్మలమ్మ. “నాకు ఒకటి తేల్చుకోవాలని ఉంది. నీకూ తేలాలి.”

బుధవారం మధ్యాహ్నం అక్క తోడు రాగా లాయరు వచ్చింది. అక్క సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది. అంతకు ముందే బొమ్మలమ్మ ఒక చిన్న దిక్సూచి పట్టుకెళ్ళి భర్త ముందు పెట్టింది.

“దీని అద్దం ఊడదీయాలి. ముల్లు దెబ్బ తినకూడదు.”

“నా గడియారాలు పాడుచేసింది చాలక నాచేతే పని కూడానా?” అని సణుగుతూనే ఆయన కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. సన్నటి బ్లేడు అంచున దూర్చి అద్దాన్ని పొర తీసినట్టు తీసిచ్చాడు. “ముల్లుని వేలితో నొక్కొద్దని ఆ పిల్లకి చెప్పు. ఆనీ ఆననట్టు ఆనించాలి.”

బొమ్మలమ్మ పిల్లని బల్ల మీద పరిచిన దళసరి అట్ట ముందు కూచోబెట్టి, ఒక చేతికి కడ్డీ చూపించి, రెండో చేతి వేలి కింద దిక్సూచి పెట్టింది.

“ముల్లు ఎటు చూస్తోంది?”

“ఇటు.”

“ఆ కొస ఉన్నచోట ఈ చిన్న ఇత్తడి గుండుసూది గుచ్చు. ఇప్పుడు దిక్సూచిని అక్కడికి జరుపు. ముల్లు తోక ఆ సూది దగ్గర ఉండాలి. ఇప్పుడెటు చూస్తోంది?”

“కొంచెం వంగింది.”

“ఇంకో సూది గుచ్చు. అలా పోతూనే ఉండు.”

పిల్ల ఏకాగ్రతగా నాలుక కొస బయటపెట్టి సూదులు గుచ్చుకుంటూ పోయింది. సూదుల వరస కడ్డీ ఒక కొస దగ్గర మొదలై, విల్లులా వంగి, రెండో కొస దగ్గరికి చేరింది. బొమ్మలమ్మ ఆ సూదుల వెంట దారం తిప్పి, పిల్ల వేలు దాని మీద పెట్టింది.

“ఇదీ గీత. ముల్లు చూపించిన దారి.”

“అంటే ఈ గీత అయస్కాంతంలోంచి రాలేదన్నమాట. మనం గుచ్చుకుంటూ వస్తే వచ్చింది.”

“అవును.”

లాయరు దారం పక్కన అట్ట మీద వేలు పెట్టింది. “మరి గీతకీ గీతకీ మధ్య ఖాళీలో ఏముంటుంది టీచర్? ఏమీ ఉండదా?”

“పెట్టి చూడు.”

దారానికి దూరంగా, ఏ గీతా లేనిచోట దిక్సూచి పెట్టింది. ముల్లు గిర్రున తిరిగి ఒక దిక్కుకి నిలబడింది. పిల్ల ముఖం విప్పారింది. “ఇక్కడ గీతే లేదు. అయినా తిరిగింది!”

“అంతటా ఉంటుంది తల్లీ. అంతటా దారం అంటిస్తే అట్టంతా దారమే అవుతుంది, ఏమీ తెలియదు. అందుకని కొన్ని గీతలే పెడతారు. అవి ఎటు పోతున్నాయో చూస్తే దిక్కు తెలుస్తుంది. ఎంత ఒత్తుగా ఉన్నాయో చూస్తే బలం తెలుస్తుంది. చేతికి అందనిదాన్ని మనకి తెలిసేలా చెప్పే పద్ధతి అది.”

“ఆ పిల్ల ఇందాకట్నుంచి ఏం పోగొట్టుకుందే, అంతలా వెతుకుతోంది?” అంది మంచం మీంచి పెద్దావిడ.

“మార్కులు అమ్మమ్మగారూ,” అంది లాయరు ఠక్కున. పెద్దావిడ మళ్ళీ కిసుక్కుమంది.

బొమ్మలమ్మ గొంతు తగ్గించింది. “ఇప్పుడు అసలుది. దిక్సూచి కడ్డీ పక్కన, మధ్యలో పెట్టు. ముల్లుని వేలితో కొంచెం పక్కకి తోసి చూడు. ఎలా ఉంది?”

“మెత్తగా ఉంది. తోస్తే పోతోంది, వదిలితే తాపీగా వెనక్కి వస్తోంది.”

“కొస దగ్గర పెట్టు.”

పెట్టింది. తోసింది. ముల్లు కదలనని మొరాయించింది. ఇంకొంచెం గట్టిగా తోసింది. చటుక్కున తిరిగొచ్చి ఆమె వేలిని కొట్టింది. మళ్ళీ మధ్యలో పెట్టి చూసింది. మళ్ళీ కొస దగ్గర. అవతలి కొస దగ్గర. రిపేరాయన తన బల్ల దగ్గర్నుంచి భూతద్దం పైకెత్తి ఇటే చూస్తున్నాడు.

“అయితే నా జవాబు తప్పే,” అంది లాయరు చివరికి, చాలా నెమ్మదిగా. “కొసల దగ్గరే బలం ఎక్కువ. సున్నా వేసినవాళ్ళు సరిగ్గానే వేశారు.”

“నీ జవాబు అయస్కాంతానికి తప్పు. నా బొమ్మకి ఒప్పు. వాళ్ళడిగింది బొమ్మని బట్టి చెప్పమని.” బొమ్మలమ్మ పాత షీటు తెచ్చి, పిల్ల వేలిని కడ్డీ కొస మీద పెట్టింది. “తప్పు నాదమ్మా. ఇక్కడ గీతలు నేనే తీసేశాను.”

వాదించడానికే పుట్టిందని పేరున్న పిల్ల సూదుల వరస మీద వేలు పెట్టుకుని, అక్క వచ్చేదాకా అలాగే కూచుంది. వెళ్తూ గుమ్మంలో మాత్రం, “రాసిస్తారా టీచర్?” అని అడిగింది. అందులో వాదన లేదు, ప్రాధేయపడటమూ లేదు. ఉన్నది అడిగింది, అంతే.

“హెడ్మాస్టరుగారితో మాట్లాడతాను,” అంది బొమ్మలమ్మ. ఆ జవాబు తనకే చప్పగా వినిపించింది.

గురువారం హెడ్మాస్టరు అంతా విన్నాడు. చెడ్డ మనిషి కాదు. షీటుని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“బొమ్మ మార్చేద్దాం. ఇవాళే కొత్త అట్ట మొదలుపెట్టండి. కానీ కాగితం మీద మాత్రం పెట్టొద్దు.”

“మరి ఆ పిల్ల?”

“ఆ పిల్ల గురించి నాకు బాధ లేదనుకుంటున్నారా? ఒక్క విషయం ఆలోచించండమ్మా. మన పిల్లలు బొమ్మలు చదవలేరని ఆ ప్రశ్నలన్నీ వదిలేయించేవాళ్ళు ఇదివరకు. చదవగలరని బోర్డుని ఒప్పించడానికి మీరూ నేనూ ఎన్నేళ్ళు తిరిగాం? ఇప్పుడు మన బొమ్మే తప్పని మనమే రాసిస్తే, ఈ గొడవంతా ఎందుకు, పాతపద్ధతే నయం అంటారు. ఒక్క పిల్ల కోసం వెనకొచ్చే పిల్లలందరికీ తలుపు మూస్తారా?”

ఆయన అన్నదాంట్లో ప్రతి ముక్కా నిజమే.

“పైగా ఇరవై తొమ్మిదిన వచ్చేది ఆ బోర్డు అధికారే. రేపు ఈ కాగితం వెళ్తే ఆయన్ని ఏ ముఖం పెట్టుకుని వేదిక ఎక్కించమంటారు? మీ చేత్తో చేసిన రెండువందల పైచిలుకు బొమ్మలున్నాయి. మీరు వెళ్ళేటప్పుడు అవి గుర్తుండాలి గానీ ఇది కాదు.”

సాయంత్రం భర్త కూడా ఇంచుమించు అదే అన్నాడు. కొడుకూ కోడలూ ఇంకా పనుల నుంచి రాలేదు. ఆయన ఆ రెండు గడియారాల్నీ బాగుచేసి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు.

“నేనూ తప్పులు చేస్తాను. వచ్చినవాడికి సరిచేసి ఇస్తాను, అయిపోయింది. ఊరంతా చాటింపు వేయించను. నువ్వు మంచి బొమ్మ చేసిపెట్టు, చాలు. నీ పేరు నువ్వే చెడగొట్టుకోవడం దేనికి?”

“మీ గడియారం తప్పు నడిస్తే, పెట్టుకున్నవాడు పక్కవాడి గడియారం చూస్తాడు. గోడ మీది గడియారం చూస్తాడు. ఆ పిల్ల పక్కన ఏం చూసుకుంటుంది చెప్పండి? నా అట్ట తప్ప దానికి ఇంకేముంది?”

ఆయన గడియారం చెవి దగ్గర్నుంచి దింపాడు.

“పక్కమ్మాయి నోట్సు నమ్ముకుంది,” అందామె. తనలో తను అనుకుంటున్నట్టుగా ఉంది గొంతు. “ఇది నన్ను నమ్ముకుంది. పదకొండేళ్ళలో నా బొమ్మని చదివిందల్లా ఇదొక్కతే. హెడ్మాస్టరుగారేమో, మన పిల్లలు బొమ్మ చదవలేరని బోర్డువాళ్ళంటారేమోనని భయపడుతున్నారు. చదివింది కాబట్టే కదండీ దానికి తప్పొచ్చింది! ఆ సున్నా వచ్చిన కాగితం కన్నా రుజువు ఇంకేం కావాలి?”

అనేశాక ఆమె తన మాట తనే విని ఆగింది. మధ్యాహ్నం హెడ్మాస్టరు ముందు దొరకని జవాబు అదే. ఆలస్యంగా దొరికినా దొరికింది.

కాగితం తీసుకుని కూచుంది. మొదటిసారి రాసినప్పుడు పేజీ నిండింది. మరీ దగ్గరైతే వేలికి దారాలు విడిగా తెలియవనీ, వేలు మాస్టారు అలా అన్నారనీ, సైన్సు టీచరు సంతకం ఉందనీ, ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసనీ రాసింది. చదువుకుంటే అన్నీ నిజాలే. అన్నీ కలిపితే తను తప్ప అందరూ తప్పు చేసినట్టుంది. మాస్టారు ఇప్పుడు బతికి లేరు, జవాబు చెప్పుకోవడానికి. ఆ కాగితం మడిచి చింపేసింది. రెండోసారి నాలుగు వాక్యాలే రాసింది. ఈ బొమ్మ నేను చేశాను. ధ్రువాల దగ్గర ఉండాల్సిన రేఖల్ని నేను తగ్గించాను. విద్యార్థిని బొమ్మని సరిగ్గా చదివింది. బొమ్మ తప్పు. కింద సంతకం పెట్టింది.

తర్వాత కొత్త అట్ట తీసింది. పాతదానికి రెండింతల అట్ట, తక్కువ గీతలు. ధ్రువాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలవాటు కొద్దీ కత్తెర కోసం వెళ్ళింది. ఆగి, దారాలన్నీ చివరిదాకా తీసుకెళ్ళి అంటించింది. ముద్దగా తగిలితే తగలనీ. అక్కడ ఉన్నది ఆ ముద్దే.

శుక్రవారం పొద్దున ఇల్లు ఎప్పటిలాగే ఉరుకులూ పరుగులూగా ఉంది. కొడుకు ఒక కాలికే మేజోడు తొడుక్కుని రెండోదాని కోసం తిరుగుతున్నాడు. కోడలు టీ గ్లాసులు అందిస్తూ, వాచీ కట్టుకుంటూ, పెద్దావిడ మందు బిళ్ళలు లెక్కపెడుతోంది. రిపేరాయన ముందుగదిలోని దుకాణం తలుపు తీయబోతున్నాడు.

బొమ్మలమ్మ బయటికి వెళ్ళే బట్టల్లో గుమ్మం దగ్గర నిలబడి ఉండటం ముందు కోడలే గమనించింది. “ఏంటత్తయ్యా, ఇంత పొద్దున్నే? బడికింకా టైముందిగా.”

“బడికి కాదమ్మా.” ఆమె గొంతు పెంచలేదు. అయినా తలుపు గొళ్ళెం మీద రిపేరాయన చెయ్యి ఆగిపోయింది. కొడుకు ఒంటి మేజోడుతో నిలబడిపోయాడు. “బోర్డు ఆఫీసుకి వెళ్తున్నాను. అయస్కాంతం బొమ్మలో తప్పు నేనే చేశానని రాసిచ్చి వస్తాను. లాయరూ వాళ్ళక్కా అక్కడికి వస్తున్నారు. హెడ్మాస్టరుగారికి దారిలో నేనే చెప్తాను. ఇరవై తొమ్మిదిన సభ ఉండకపోవచ్చు. మీరిద్దరూ ఆ సెలవులు రద్దు చేసేసుకోండి.”